ఏడుపు లేని ఆట

నన్ను రాజాం బేబీ అంటారు. పోస్టర్ల మీద అయితే 'కన్నీటి నటీమణి బేబీ' అని వేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరి పండక్కి నాటకం కట్టినా, ఏడ్చే ఆడదాని వేషం ఉందంటే ముందు నాకే ఫోను వచ్చేది. అడవిలో వదిలేసిన రాణి, కొడుకు శవం ముందు కూలబడ్డ తల్లి, నిండు సభలోకి ఈడ్చుకొచ్చిన ఇల్లాలు, ఎవరైతేనేం, అందరి ఏడుపూ నేనే ఏడ్చాను. పాతికేళ్ళు ఏడ్చాను.

మాది బాప్టిస్టు కుటుంబం. నేను మొదటిసారి పదిమందిలో ఏడ్చింది చర్చిలోనే. క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు పసిపిల్లల్ని చంపించే ఘట్టానికి బేత్లెహేము తల్లి వేషం నాకిచ్చారు. గుడ్డబొమ్మను ఒళ్ళో పెట్టుకుని నేనేడిస్తే చర్చి చర్చంతా ఏడ్చింది. మా అమ్మ ఎలీసమ్మ కూడా ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చి, "నీకెవులు నేర్పినారే ఈ ఏడుపు" అని వీపు మీద ఒకటిచ్చింది. ఎవరూ నేర్పలేదు. రమ్మంటే వచ్చేది, అంతే.

అలా అని నన్ను ఏడుపుగొట్టు మనిషి అనుకోవద్దు. బయట నా నోటి సంగతి రాజాం కూరగాయల బజారుకంతా తెలుసు. మా ఆయన పోయినప్పుడు నేను నలుగురిలో కన్నీరు పెట్టలేదు. దానికీ మాటలు పడ్డాను. స్టేజీ మీద కుండలు కుండలు కారుస్తాది, మొగుడు పోతే సుక్క నేదని చెప్పుకున్నారు. అలా అన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మరీ అడిగొచ్చాను, ఎంత కారిస్తే సరిపోతుందో కాస్త కొలిచి చెప్పమని.

అలాంటి నాకు, హుదూద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, ఏడుపు లేని వేషం ఒకటి దొరికింది.

రాసింది మా చర్చికే వచ్చే జ్ఞానానందం మాస్టారు. నాటకం పేరు 'పైడమ్మ అరక'. మొగుడు పోయాక పైడమ్మను మరుదులు పొలంలోంచి గెంటేస్తారు. ఆమె ఎవరినీ బతిమాలదు, అదే పొలంలో తనే అరక కట్టి దున్నుతుంది. ఆ ఏడు వానలు పడవు. ఆడది నాగలి పట్టినందుకే వాన మొహం చాటేసిందని ఊరి పెద్దలు పంచాయితీ పెడతారు. తప్పయిపోయిందని ఒక్క మాట అను, పొలం తీసుకో అంటాడు ప్రెసిడెంటు. ఏం జవాబు చెప్తావని అడుగుతాడు. అక్కడ మాస్టారు రాసింది ఇంతే: 'పైడమ్మ మాట్లాడదు. అందరి మొహాలూ చూస్తుంది. చాలాసేపు. తర్వాత ముల్లుకర్ర తీసుకుని జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోతుంది.'

ఆ నాలుగు ముక్కలూ చదివి మాస్టారి ముందే లేచి నిలబడ్డాను. ఇది నా వేషం. నా కోసమే ఇన్నాళ్ళూ ఎక్కడో దాక్కుని ఉంది. ఈ ఒక్కటి సరిగ్గా ఆడితే చాలు, ఇక జన్మలో ఎవరూ పిలవకపోయినా నాకు బాధ లేదు అనిపించింది.

నాటకానికి పెట్టుబడి పెట్టింది రమేష్‌బాబు. మైకులు, లైట్లు, షామియానాలు అద్దెకిచ్చే మనిషి. తుఫానుకి రేకులెగిరిపోయి మూతపడ్డ సినిమా హాలు ఒకటి రాజాంలో లీజుకు తీసుకుని, కొత్త రేకులు వేయించి, టికెట్టు పెట్టి నాటకాలాడిస్తానని బయల్దేరాడు. పెట్టుబడి తనదే కాబట్టి ప్రెసిడెంటు వేషం తనే వేసుకున్నాడు. గొంతు బాగుంటుంది, కాదనను. మైకు ఉంటే ఇంకా బాగుంటుంది.

"సినిమావోల్లు ప్రివ్యూ ఏస్తారు గదా, మనవూ ఏద్దాం" అన్నాడు. పూర్వం కంపెనీలు కొత్త నాటకాన్ని నెలల తరబడి పల్లెల్లో ఆడి, అతుకులు సరిచేసుకుని, అప్పుడు పట్నం తెచ్చేవట. మాకు దొరికింది ఒక్క వారం. మంగళవారం భోగాపురం వైపు ఒక ఊళ్ళో, గురువారం నరసన్నపేట దగ్గర ఇంకో ఊళ్ళో ట్రయల్ ఆటలు. ఆదివారం రాజాంలో మొదటి టికెట్టు ఆట. ట్రయల్ ఆటకి డబ్బు తీసుకోరు. దానికి బదులు ఆట అయ్యాక రమేష్‌బాబు మైకు పట్టుకుని ఏది బాగుంది, ఏది మార్చాలి అని అడుగుతాడు, జనం చెప్పాలి. అడిగితే చెప్పనివాళ్ళు మా వైపు ఎవరున్నారు!

భోగాపురం వైపు జనానికి అప్పటికే ఎయిర్‌పోర్టు భూముల గొడవతో నిద్ర లేదు. స్టేజీ మీద పొలం మాట వస్తే చాలు, పిల్లల నోళ్ళు మూసి మరీ విన్నారు. నేను అరక కట్టిన సీనుకి ఈలలు వేశారు. పంచాయితీ సీను వచ్చింది. రమేష్‌బాబు మీసం దువ్వి, "సెప్పు పైడమ్మా, ఏటి జవాబు సెప్తావు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. తలెత్తి మొదటి మొహం వైపు చూశాను.

అప్పుడు హార్మోనియం మోగింది.

వాయించింది నూకయ్య మావ. అరవై దాటినవాడు, పాతికేళ్ళుగా నా ఏడుపులన్నిటికీ పెట్టె వాయించినవాడు. నేను మొదట తెల్లబోయాను. తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రాగం చెవిన పడగానే, నన్ను అడగకుండానే, నా కళ్ళు నిండిపోయాయి. భుజాలు ఎగిరాయి. పైడమ్మ ఏడవకూడదని తెలిసి కూడా నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆడవాళ్ళు కొంగులు తీశారు. చప్పట్లతో షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది.

"ఏ సీను బాగున్నాదండీ?" అని రమేష్‌బాబు మైకులో అడిగాడు.

"ఏడుపు సీను!"

"ఇంకా కావాలా?"

"కావాల!"

రమేష్‌బాబు నా వైపు తిరిగి, సూసినావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

మర్నాడు పొద్దున్నే నూకయ్య మావ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నాకూ ఒక గ్లాసు తెప్పించాడు గానీ నేను ముట్టుకోలేదు.

"మావా, నిన్న పెట్టె ఎందుకు వాయించినావు? మాస్టారు వాయించమని సెప్పనేదు గదా."

"నువ్వు ఆగిపోనావు గదే."

"ఆగమనే రాసినారు."

"రాస్తే రాసినారు. నువ్వాగితే నా సెయ్యి ఆగదు" అన్నాడు మావ. "ఆ ఏడు పాలకొండ కాడ నీకు జొరమొచ్చి పద్యం మర్సిపోతే ఎవులు ఒట్టుకున్నారు? నాను గదా. నువ్వు తూలిన పెతిసారీ ఈ పెట్టే నిన్ను నిలబెట్టినాది. ఇప్పుడు నువ్వు ఉత్తినే నిలబడతావు, నాను సూస్తా కూకోవాలంటే ఎలాగే?"

ఆ మాటకి కోపం సగం చచ్చిపోయింది. నిజమే. నన్ను కాపాడాననుకున్నాడు పాపం.

"ఇప్పుడు నాను తూలట్లేదు మావా. నిలబడతన్నాను. ఒక్కపాలి ఒగ్గీయ్ నన్ను."

"పెట్టె ముంద సేతులు కట్టుకొని కూకుంటే జనం ఏటంటారు? నూకయ్య కునుకుతన్నాడంటారు."

"అననీ. నన్ను అనని మాట ఉన్నాదా? నువ్వూ ఒకటి పడు."

మావ నవ్వాడు. గ్లాసు అరుగు మీద పెట్టి, సరేనన్నాడు. ఆ సరే అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. పాతికేళ్ళ పనిని మానుకోమన్నాను మరి.

ఈలోగా రమేష్‌బాబు మాస్టారి మీద పడ్డాడు. పంచాయితీ సీనులో నాకొక ఏడుపు పద్యం రాయమన్నాడు. మాస్టారు మెత్తని మనిషి. కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చి, "పోనీ రెండు ముక్కలు ఏడ్చేయమ్మా, ఎంతసేపు?" అన్నారు. "మాస్టారూ, మీ పైడమ్మను మీరే అమ్ముకుంటారా?" అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

గురువారం నరసన్నపేట దగ్గరి ఊళ్ళో నూకయ్య మావ మాట నిలబెట్టుకున్నాడు. పంచాయితీ సీను వచ్చేసరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను మొహాలు చూడడం మొదలుపెట్టాను. మొదటి మొహం. రెండో మొహం. జనంలో కదలిక వచ్చింది.

"ఓలమ్మ, మర్సిపోనాది!"

"ఎవులైనా అందియ్యండర్రా!"

నిలబడడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఏడుపులో దాక్కోవచ్చు, కళ్ళు మూసుకోవచ్చు, కొంగు అడ్డం పెట్టుకోవచ్చు. ఇక్కడ దాక్కోడానికి ఏమీ లేదు. ఎదురుగా రమేష్‌బాబు పళ్ళ సందున గొణుగుతున్నాడు. ఆయన కాలరుకి పెట్టుకున్న మైకు మహా మంచిది, సొంత షాపుది. "ఏడు... ఏడు బేబీ, ఏడు!" అన్న ఆ గొణుగుడు నాలుగు బాక్సుల్లోంచీ ఊరంతా వినబడింది. జనం విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు, ఏడవలేదు. ముల్లుకర్ర తీసుకుని ఆ నవ్వుల మధ్యలోంచే నడిచి వెళ్ళిపోయాను.

ఆ రోజు అడగడం కాదు, ఓట్లే పెట్టాడు రమేష్‌బాబు. ఏడుపు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. అన్ని చేతులూ లేచాయి. నేను తెర పక్కనుంచి చూస్తున్నాను. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలామె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది.

నేను మొహం కడుక్కుంటుంటే ఆమె తెర వెనక్కి వచ్చింది. పేరు అసిరమ్మ. పొగడడానికి వచ్చిందనుకున్నాను. తిట్టడానికి వచ్చింది.

"నువ్వేనా బేబీవి? నువ్వు ఏడిపిస్తావని అందరూ సెప్పినారు. ఇంటికాడ ఏడిస్తే ఏటైనాదని కోడలు అడుగుతాది, కొడుకు కసురుతాడు. నాటకంలో ఏడిస్తే ఎవులూ అడగరు గదా. అందుకే పని ఒగ్గీసి వచ్చినాను. నువ్వేమో గుంజలాగ నిలబడిపోనావు."

ఇది నేనెప్పుడూ ఆలోచించని సంగతి. నా ఏడుపు వెనకాల ఇంతమంది తమ ఏడుపు దాచుకుంటున్నారా! "ఆ ఏసమే అంత అప్పా" అన్నాను.

"నాకు ఏడుపు రానేదు. కోపమొచ్చింది."

"ఎవులి మీద?"

"అదే తెలట్నేదు. కడుపులో కుతకుతలాడతన్నాది. ఇప్పుడింటికెల్లి ఎవుల్ని తిట్టాల నాను?"

పాతికేళ్ళలో నాకెవరూ ఇంత మంచి మాట చెప్పలేదు. చేతులు తడిగా ఉండగానే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ కోపం ఎవులి మీదా పారీయకు అప్పా. ఆదివారం రాజాం రా. టికెట్టు నానిస్తాను."

"మళ్ళీ ఏడవకుండా నిలబడతావా?"

"నిలబడతాను."

"అలగైతే సూస్తాను" అని వెళ్ళిపోయింది. వస్తానని మాత్రం అనలేదు.

శనివారం హాలు దగ్గరికి వెళ్ళేసరికి రమేష్‌బాబు గోడకి పోస్టరు అంటింపిస్తున్నాడు. అందులో నా మొహం, ఒక్కో కంటి కింద మామిడికాయంత కన్నీటిబొట్టు. రాజాం అంతా అదే పోస్టరు.

"ఇదేటి బాబూ?" అన్నాను.

"టికెట్లు. ఈ బొట్టు సూసే కొన్నారు జనం. నువ్వు ఏడవాల."

"నానేడవను."

"ట్రయల్ ఎందుకేసినాం బేబీ? జనం మాట వినడానికే గదా? సేతులన్నీ లెగిసినాయి."

"ఒక సెయ్యి లెగనేదు."

"ఒక్క ముసల్దాని కోసం హాలు నడపమంటావేటి?" రమేష్‌బాబు గొంతు తగ్గించాడు. నిజానికి ఆయన మాటలో అన్యాయం లేదు. హాలు నిండకపోతే మునిగేది ఆయనే. "సూడు బేబీ, నిన్ను తీసీలేను. పోస్టర్లన్నీ నీవే. నువ్వు నిలబడతావా, నిలబడు. నీ ఇష్టం. నీ ఏడుపు నా కాడ ఉన్నాది."

నాకు అర్థం కాలేదు. ఆయన సౌండు మిక్సరు ముందు కూర్చునే ఎల్లాజీకి సైగ చేశాడు. హాల్లో ఉన్న పెద్ద బాక్సుల్లోంచి ఒక ఆడదాని ఏడుపు వచ్చింది. ఎప్పుడో, ఏదో ఊరి పండగలో రికార్డు చేసి సీడీ వేసినది. పడుచు గొంతు. వెనకాల నూకయ్య మావ హార్మోనియం. ఆ ఏడ్చేది నేనే.

"నువ్వు నోరు మూసుకుంటే ఇది నోరు తెరుస్తాది" అన్నాడు రమేష్‌బాబు.

నేను చాలామంది చేత చాలా మాటలు పడ్డాను. నా చీర గురించి, నా దేవుడి గురించి, రాత్రిళ్ళు వ్యాన్లలో తిరగడం గురించి. అవన్నీ దులిపేసుకున్నాను. కానీ నా గొంతునే తెచ్చి నా నోట్లో కుక్కుతాననడం దులిపేసుకునే సంగతి కాదు. వేషం వదిలేసి ఇంటికి పోదామనిపించింది. పోతే ఏమవుతుంది? పైడమ్మ వేషం ఇంకెవరో వేసి హాయిగా ఏడుస్తుంది. అందుకే పోలేదు.

ఆదివారం పొద్దున్న చర్చిలో అందరూ తమ తమ కష్టాలు చెప్పుకుంటుంటే నేను ఒక్కటే అడిగాను. ప్రభువా, ఈ సాయంత్రం నా కళ్ళు పొడిగా ఉంచు.

హాలు నిండింది. కొత్త రేకుల కింద ఉక్కపోత. ఆడవాళ్ళ కుర్చీల వైపు అసిరమ్మ కోసం వెతికాను గానీ దీపాల వెలుగులో ఎవరూ కనబడలేదు. మొదటి సీను నుంచీ ఆట నడిచింది. అరక సీనుకి చప్పట్లు పడ్డాయి. పంచాయితీ సీను వచ్చింది.

"సెప్పు పైడమ్మా, ఏటి జవాబు సెప్తావు?"

తలెత్తాను. నూకయ్య మావ చేతులు తొడల కింద ఉన్నాయి. నేను మొదటి మొహం చూశాను. అంతలో బాక్సుల్లోంచి నా ఏడుపు మొదలైంది.

పడుచు బేబీ ఏడుస్తోంది. ఆ హార్మోనియం నన్ను లాగుతోంది. కళ్ళ వెనకాల వేడి పుట్టింది. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, భుజం ఎగరబోయింది. ఇదిగో, అయిపోయింది, ఓడిపోయానే అనుకున్నాను. అప్పుడు అసిరమ్మ మాట గుర్తొచ్చింది. కోపమొచ్చింది అంది కదా. నాకూ వచ్చింది. అరికాళ్ళలోంచి వచ్చింది. పెదవులు బిగించి, ఆ ఏడుపు వస్తున్న బాక్సు వైపు మొహం తిప్పి చూశాను. అడ్డమైనవాళ్ళ కోసమూ ఏడ్చిన ఆ పిల్లను చూశాను. తర్వాత మళ్ళీ రమేష్‌బాబు వైపు తిరిగాను.

జనం తికమకపడ్డారు. మూసిన నోరు ఒకచోట, ఏడుపు ఇంకోచోట.

నూకయ్య మావ లేచాడు. పెట్టె మూత టప్పున వేశాడు. స్టేజీకి అడ్డంగా, అందరూ చూస్తుండగా, పంచె ఎగ్గట్టుకుని నడిచాడు. మైకులకీ బాక్సులకీ కరెంటు వచ్చే లావుపాటి వైరును రెండు చేతులతో పట్టుకుని పీకేశాడు. ఎల్లాజీ "మావా!" అన్నాడు. మావ ఆ వైరును చేతికి చుట్టుకుని అక్కడే నేల మీద కూర్చున్నాడు.

అంతా ఆగిపోయింది. రేకుల కింద ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే మిగిలింది.

రమేష్‌బాబు బాక్సుల వైపు చూశాడు. తనకు తెలిసిన మాటే మళ్ళీ అన్నాడు. "సెప్పు... ఏటి జవాబు సెప్తావు?" మైకు లేని ఆయన గొంతు సన్నగా, వరసల మధ్యకి వచ్చి ఆగిపోయింది.

నేను మొహాలు చూస్తూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఎవరూ మర్సిపోనాది అనలేదు. ఎవరూ ఈల వేయలేదు. ఆడవాళ్ళ కుర్చీల్లో ఎవరో లేచి నిలబడ్డ చప్పుడైంది.

"దాన్నేటి అడుగుతావురా?"

అసిరమ్మ గొంతు. నాటకమని మర్చిపోయిందో, గుర్తుండే అంటోందో నాకు తెలియదు. మూడు రోజులుగా కడుపులో దాచుకున్న కోపం ఎవరి మీద పోయాలో ఆమెకి దొరికింది.

"దున్నినాది, తిన్నాది. అదేటి సెప్తాది? నువ్వు సెప్పు! వాన పడకపోతే దానికేటి? నువ్వు సెప్పరా పెసిరెంటూ!"

"సెప్పు!" అంది ఇంకొక ఆమె.

"సెప్పు, సెప్పు!" వరస వెనక వరస లేచింది.

రమేష్‌బాబు ఒకడుగు వెనక్కి వేశాడు. రాసివున్న మాటల్లో ఆయనకి దీనికి జవాబు లేదు. నుదుటి మీంచి చెమటకి రంగు కారి మీసంలోకి దిగింది. తెర దించమని చెయ్యి ఊపాడు. తాడు దగ్గర ఉన్న మనిషి జనంతో కలిసి అరుస్తున్నాడు, చూడలేదు.

నేను ముల్లుకర్ర తీసుకుని మెట్లు దిగాను. కుర్చీల మధ్య దారిలో నడుస్తుంటే ఆడవాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకుని దారి ఇచ్చారు. ఒక్కరూ కొంగు తీయలేదు. అసిరమ్మ నన్ను చూడనే లేదు, స్టేజీ వైపు వేలు చూపించి కేకలేస్తోంది.

తలుపు తోసుకుని బయటికొచ్చాను. గోడ మీద మామిడికాయంత కన్నీటిబొట్లతో నా మొహం. దాని పక్కన నిలబడి అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. చెయ్యి పొడిగానే ఉంది. లోపల రమేష్‌బాబుని ఇంకా అడుగుతూనే ఉన్నారు.